బోణీ ఫైలు

కంప్యూటర్ ముందు కూర్చునే పని సుఖమైన పని అని ఎవరు కనిపెట్టినారో గాని, వాళ్లను తెచ్చి మా ఆదోని డీటీపీ షాపులో ఒక్క పెళ్లిళ్ల సీజను కూర్చోబెట్టాలి. మెడ పట్టేస్తుంది. మౌసు పట్టుకునే చెయ్యి మణికట్టు దగ్గర వాస్తుంది. సాయంత్రానికి ఎదురుగా వచ్చే మనిషి చుట్టూ కూడా డబ్బా గీసినట్టు కనబడుతుంది. డిగ్రీ చదివి ఈ కుర్చీలో సగం వయసు గడిపినాను. పనికన్నా, పనికి అడ్డం పడేవాళ్లతో వాదించడానికే నా ఓపిక ఎక్కువ ఖర్చయింది.

మా ఓనరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎప్పుడో మానేసి పోయేదాన్ని. అతనికి ఒక ఫైలుంది. షాపు తెరిచిన రోజు పూజ చేయించి, కంప్యూటరుకు బొట్టు పెట్టి, మొదటి గిరాకీకి చేసిన పెళ్లి కార్డు ఫైలు అది. దాని పేరే బోణీ. ఆ ఫైలు కలిసొచ్చింది కాబట్టే షాపు నిలబడిందని అతని నమ్మకం. అందుకని మా దగ్గర ఏ పనీ కొత్త ఫైల్లో మొదలుకాదు. బోణీ తెరవాలి, ఇంకో పేరుతో సేవ్ చేయాలి, పాతవి చెరిపి కొత్తవి కొట్టాలి. ఎరువుల అంగడి బిల్లుబుక్కయినా, దర్గా ఉర్సు కరపత్రమైనా, నిఖా కార్డయినా అన్నిటికీ తల్లి అదే.

"అన్నా, కొత్త ఫైలు తెరిచేదానికి ఎంతసేపు? మన పని సగమవుతాది" అని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని.

"తెరువమ్మా, వద్దన్న్యానా? బోణీలోనుంచి తెరువు" అనేవాడు.

మొన్నటి చలికాలంలో కోసిగి దగ్గరి పల్లెనుంచి ఒకామె వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి. వాళ్ల చర్చిలో ఆడవాళ్ల పాటలు ఎత్తేది ఆమే. నోరు తెరిస్తే మాటకు బదులు గరగరమని శబ్దం వచ్చింది.

"ఏమక్కా, జలుబా?"

"జలుబు గాదమ్మా. పోయినేడు సుగ్గిలో మిరప ఘాటుకు పోయింది గొంతు. మళ్లా రాలేదు."

ఆ వైపు వానలు ముఖం చాటేస్తే ఊరికి ఊరే పిల్లాజెల్లా లారీ ఎక్కి గుంటూరు దిక్కు మిరపకోతలకు పోతుంది. దాన్నే సుగ్గి అంటారు. పొద్దంతా కాయలు కోసి, రాత్రి గుడారాల ముందు కూర్చుని పాడుకుంటారట. ఆ పాటల్లో సగం ఏ పుస్తకంలోనూ లేవు. ఆమె అమ్మ కట్టినవి కొన్ని, ఆమె కట్టినవి కొన్ని. ఇన్నేండ్లూ ఆమె ఎత్తితే మిగిలినవాళ్లు అందుకున్నారు. ఇప్పుడు ఎత్తేదానికి గొంతు లేదు.

"నేను పాడలేను. మా పిల్లోళ్లకు నోటికి రావు. పుస్తకముంటే చూసి పాడతారు గదా. లేకపోతే నాతోనే పోతాయి ఇవి" అనింది.

అట్లా ఆమె గరగరమంటూ చెప్పడం, నేను "మళ్లా చెప్పక్కా, ఏమన్నావు?" అని చెవి ఆమె నోటి దగ్గర పెట్టి టైపు కొట్టడం. పాటలన్నీ అయ్యేసరికి ఆమె గొంతుకన్నా నా తల ఎక్కువ అరిగింది. చిన్న పుస్తకం, ఎమ్మిగనూరు ప్రెస్సులో వేయించాలి. ఈ ఏటి సుగ్గికి వాళ్లు లారీ ఎక్కే ముందురోజు పొద్దున్నే ఆమె వచ్చి బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నంలోపల ఫైలు తెస్తేనే వేస్తానని ప్రెస్సాయన ముందే చెప్పినాడు. సాయంత్రానికి అతని మిషన్ మీదికి జాతర పోస్టర్లు ఎక్కుతాయి.

చివరి దిద్దుబాట్లు చేసి సేవ్ కొట్టినాను. గుండ్రటి గుర్తు తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి తెర తెల్లబోయింది. మూసి తెరిచినాను. మళ్లీ అంతే. ఓనరు వచ్చి కంప్యూటరు ఆపి, కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్లీ పెట్టినాడు. అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే. అదీ పనిచేయలేదు.

"ఏమైందమ్మా?" అనింది ఆమె బెంచీ మీదనుంచి.

"ఫైలు పట్టేసిందక్కా."

"నా గొంతు మాదిరేనా?"

"నీ గొంతన్నా నయం. మూలిగి చెప్తాది. ఇది ఏమీ చెప్పదు."

ఇట్లాంటప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. మిషన్‌ను తిట్టడం ఆపి, ఫైలుకు కాపీ తీసి, సగానికి కోయాలి. ఒక కాపీలో మొదటి సగం పేజీలు తీసేసి సేవ్ కొట్టినాను. పట్టేసింది. ఇంకో కాపీలో రెండో సగం తీసేసినాను. అదీ పట్టేసింది. జబ్బు ఏదో ఒక పాటలో ఉంటే ఒక సగమైనా బాగుండాలి కదా. రెండూ చెడినాయంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లోనే జబ్బు. అన్ని పేజీల వెనకా ఒక మాస్టర్ పేజీ ఉంటుంది. దాంట్లో ఏది పెడితే అది ప్రతి పేజీకీ వస్తుంది. అక్కడికి పోయి చూసినాను.

ఖాళీగా, తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద నొక్కితే కదిలింది! పేజీ కాదు, పేజీ మీద మూతపెట్టిన తెల్ల డబ్బా అది. చెరిపినాను. కింద ఇంకో తెల్ల డబ్బా. అదీ చెరిపితే ఎవరిదో పెళ్లి కార్డు అంచు పూలతీగ. దాని కింద మళ్లీ డబ్బా. పాతది చెరిపితే బోణీ చెరిగిపోతుందేమోనని మా ఓనరు తాను చేసిన ప్రతి పనికీ బోణీలోనే ఒక తెల్ల డబ్బా కప్పుకుంటూ వచ్చినాడు. అన్నిటికీ అడుగున రంగుల వినాయకుడు. గోడంత ఫోటోను గోరంత చేసి పెట్టినాడు. చూసేదానికి గోరంత, మోసేదానికి గోడంత. పాటల పుస్తకంలో ఏ పేజీ తిప్పినా ఈ మిషన్ ఆయన్నూ, ఆ మూతల్నీ మోసుకుంటూ వస్తాంది. ఎన్నాళ్లని మోస్తుంది?

ఆమె లేచి వచ్చి నా భుజం మీదుగా తెరలోకి చూసింది.

"మా పాటల కింద ఈయప్ప ఎప్పుడొచ్చి కూచున్న్యాడమ్మా?"

ఓనరు నొచ్చుకున్నాడు. "అందరి కిందా ఉన్న్యాడులే అక్కా. మొన్నటి నిఖా కార్డు కింద గూడా..."

"ఆ మాట ఈడనే మింగేయన్నా. బజార్లో అనొద్దు" అన్నాను.

ఆమె నవ్వబోయి దగ్గింది. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

"ఇంకో డబ్బా కప్పుమ్మా, కనపడడు" అన్నాడు ఓనరు.

"మనకు కనపడకపోతే చాలా? మోసేదానికి తెలీదా?"

"ఆయన్ను తీస్తే షాపు బోణీ పోతాది."

"ఆయన్ను నేను తీయను. ఆయన ఇల్లు ఆయనకే ఉండనీ. ఈమె పాటలకు వేరే ఇల్లు కడతాను. ఈ పుస్తకం పోతే ఈమెకు పోయేది బోణీ గాదు."

అతను ఆమె మొహం చూసి, బయటికి పోయి నిలబడినాడు. ఆ షాపులో కొత్త ఫైలు తెరవడం అదే మొదలు.

పాటల అక్షరాలు మాత్రం పెళ్లగించి, ఉత్త టెక్స్టుగా కొత్త ఫైల్లో పోసినాను. మా పాత తెలుగు ఫాంట్లకు ఒక గుణముంది. ఫాంటు ఊడదీస్తే అక్షరాలు ఇంగ్లీషు పిచ్చిరాతలుగా మారిపోతాయి. ఆమె గుండెలు బాదుకుంది.

"అయ్యో, యాడికి పోయినాయమ్మా మా పాటలు? ఇది ఏ భాష?"

"యాడికీ పోలేదు. గుడ్డలు మార్చుకుంటాండాయి, కాసేపు అట్ల తిరిగి కూర్చో."

ఫాంటు, సైజు, జాగా అన్నీ మూటగట్టి పల్లవికి ఒక స్టైలు, చరణానికి ఒక స్టైలు, పాట నంబరుకు ఒక స్టైలు కట్టినాను. ఇక ఒక్కో మీట నొక్కుతూ పోతే చాలు, పిచ్చిరాతలు వరసగా తెలుగై లేచి కూర్చున్నాయి. బోణీ ఫైల్లో అయితే ప్రతి పల్లవినీ స్పేసులు కొట్టి కొట్టి నడుమకు జరపాలి. ఇన్నేండ్లు అట్లనే జరిపినాను. సేవ్ కొట్టినాను. రెప్ప వేసేలోపల అయిపోయింది. సంతోషపడాలి గానీ, ఇంత తేలికైనదాని కోసం ఇన్నేండ్లు వాదించినానా అని నీరసం వచ్చింది.

చేతులు కడుక్కుని, డబ్బాలో తెచ్చుకున్న జొన్నరొట్టె రెండు ముక్కలు మింగి వచ్చేలోపల ఓనరు కంప్యూటరు ముందు నా కుర్చీలో ఉన్నాడు. "ఊరికే చూస్తాండా" అని లేచిపోయినాడు. బస్సు టైమైంది. ప్రెస్సాయన దగ్గర మా ఫాంట్లు ఉండవు కాబట్టి, ఫాంట్లు లోపలే ఉండేట్టు పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవులో వేసుకుని, ఆమెను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కినాను. ఇద్దరికీ కలిపి ఒక్క సీటు దొరికింది. వంతులేసుకుని కూర్చున్నాం.

ప్రెస్సులో ప్లేట్లు తీసి షీట్లు అచ్చువేసేసరికి పొద్దు వాలింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, తడి ఆరని షీటు వేలితో ముట్టకుండా ఒక్కో పాటా చదువుకుంటూ పోయింది. పెదాలు కదులుతాన్నాయి, శబ్దం లేదు. చివరి పేజీ దగ్గర ఆగింది.

"ఇది మా అమ్మ కట్టింది. ఆఖరి చరణం లేదే."

చూసినాను. చరణం ఉండాల్సిన చోట మా షాపు పేరుతో అందమైన పట్టీ. నేను రొట్టె మింగే సందులో ఓనరు పెట్టిన పట్టీ. అది వచ్చి కూర్చుంటే చరణం పేజీ బయటికి జారిపోయింది. బోణీ పోయినా ప్రచారం పోకూడదు అతనికి.

ప్రెస్సాయన మీద పడినాను. "ఒక్క ప్లేటు మళ్లా తీయప్పా."

"యాడ్నుంచి తీసేది? అటు జూడు, జాతర పోస్టర్లు ఎక్కిస్తాండారు. రేపు మధ్యాన్నం రాండి."

"రేపు తెల్లారితే వీళ్లు లారీ ఎక్కాల."

"నువ్వు తెచ్చిందే నేనేసినా మేడమ్. నన్ను తిడితే చరణమొస్తాదా?"

రాదు. అది నాకూ తెలుసు. అయినా తిట్టినాను, గోడకు ఆనుకుని నిలబడి, కాళ్లు లాగుతుంటే. ఫోన్లో ఓనరుకు పెట్టాల్సిన గడ్డి వేరే పెట్టినాను. చివరికి, పెన్నుతోనైనా రాస్తానని షీట్ల ముందు కూర్చున్నాను.

ఆమె నా చేతిలోని పెన్ను తీసి పక్కన పెట్టింది. "ఎన్నిట్లో రాస్తావు? నీకు బస్సు పోతాది."

"మరి ఆ చరణం?"

"అన్నీ వాళ్లే చూసి పాడితే నేనేం జేయల్ల, గుడారం ముందర ముద్దలాగ కూచునేదా? ఆ ఒక్కటీ నేను ఎత్తుతా."

"గొంతేదక్కా ఎత్తేదానికి?"

ఆమె అక్కడే, మిషన్ చప్పుడులోనే మొదలుపెట్టింది. రెండో మాటకే తెగిపోయింది. ఉమ్మి మింగి, తెగినచోటనుంచే మళ్లీ అందుకుంది. చివరిదాకా లాగింది. సగం నాకు వినపడలేదు. పోస్టర్లు ఎక్కించేవాళ్లు మాత్రం తిరిగి చూసినారు.

షీట్లు మడిచి, పిన్నులు కొట్టి, కట్ట కట్టి ఇచ్చినారు. ఆమె చెంగు చుట్ట చేసుకుని నెత్తినెత్తుకుంది.

"ఆడ మూతికి గుడ్డ కట్టుకోక్కా. మిరప దగ్గర గొంతు జాగ్రత్త" అన్నాను.

"నువ్వు కొట్లాడేది తగ్గించు, నీదన్నా మిగుల్తాది" అని కోసిగి బస్సు వైపు పోయింది.