నల్ల చుక్క కింద నాలుగు వేళ్లు

ఇరవై ఏళ్లుగా ఒక కాగితం దాచిపెట్టుకున్నాను. తూకం వేస్తే తులం కూడా తూగదు. కానీ బీరువా తీసినప్పుడల్లా గుండె మీద బస్తా పెట్టినట్టుంటుంది. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో కడపలో మాదొక చిన్న షూటింగ్ క్లబ్బు. లైసెన్సులు, అనుమతులు అన్నీ సరిగ్గానే ఉండేవి. సరిగ్గా లేనిది మా గురి ఒక్కటే. ఆదివారాలు రాయచోటి రోడ్డులో ఒక గుట్ట కింద రివాల్వర్లతో సాధన చేసేవాళ్లం. కాల్చేసిన తూటాల తొడుగుల్లోనే మళ్లీ తుపాకీమందు నింపి వాడేవాళ్లం. ఏ మందు తేవాలో తేల్చే పని నాది. మాది మూడు తరాల అంగడి, చవకైన సరుకు మీదికి నా చెయ్యి దానంతటదే పోతుంది. డీలరు దగ్గర మంచి డబ్బా ఒకటి, ఎన్నాళ్లనుంచో కదలని డబ్బా ఒకటి ఉన్నాయి. రెండోది సగం ధరే. సాధనకే కదా, ఇది చాలదా అనుకున్నాను.

ధర సగమైతే చప్పుడూ సగమే వచ్చింది. మా వాళ్లు నెల్లాళ్లు నవ్వారు. మందుకు బలం చాలక, గుండు గురికాగితం మీది నల్ల చుక్కకు నాలుగు వేళ్లు కిందుగా తగిలేది. సరే, నాలుగు వేళ్లు పైకి పట్టడం నేర్చుకున్నాం. పోనుపోను అదే అలవాటైపోయింది.

ఏటా మాకూ కర్నూలు వాళ్లకూ పోటీ. అందరికీ తూటాలు పిలిచినవాళ్లే ఇవ్వాలి. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టాలి. ఆ ఏడు పిలిచింది మేము. కర్నూలు తరఫున సుంకిరెడ్డన్న వచ్చాడు. అరవై దగ్గరపడిన రైతు, ఆ గురే ఆయన ప్రాణం. అంతకుముందు వరసగా ఐదేళ్లు మా కోళ్లన్నీ ఆయనకే సమర్పించుకున్నాం.

నాలుగు వేళ్లు పైకి పట్టన్నా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పాలనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఇప్పుడు నన్ను నేను కాస్త మంచివాడిగా చూసుకోవడానికి అలా గుర్తు తెచ్చుకుంటున్నానా? ఏదైతేనేం, నోరు తెరవలేదు.

ఆయన ఆరు గుండ్లు కాల్చాడు. మార్కులు వేయడానికి కాగితం దించింది నేనే. నల్ల చుక్కలో ఒక్కటీ లేదు. ఆరూ దానికి నాలుగు వేళ్లు కిందుగా, ఒకేచోట ఉన్నాయి. నిమ్మకాయ పెడితే మూసుకుపోయేంత జాగా. అది కన్ను మందగించినవాడి కాగితం కాదు. ఆయన చూస్తే తప్పు మందుదేనని క్షణంలో కనిపెట్టేవాడు. మడిచి జేబులో పెట్టుకుని, వచ్చి మార్కులు మాత్రం చెప్పాను.

"ఏమప్పా, నా కాగితం యాడ?"

"గాలికి కొట్టుకొని పాయెన్నా."

ఆయన కళ్లు నులుముకున్నాడు. "కండ్లు పాయినట్టుండాయప్పా. శానా దినాల నుంచి అనుమానంగానే ఉండాది."

"వయసు కదన్నా," అన్నాను.

తప్పు మందుదని సర్దుకోవచ్చు. కాగితం దాచింది భయంతోనని సర్దుకోవచ్చు. ఈ మాటను ఎలా సర్దుకోను? ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

గెలిచిన మాకు పై నెల కర్నూలులో విందు. సుంకిరెడ్డన్న కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, తనే వడ్డించాడు. రివాల్వరు స్టేషన్లో అప్పజెప్పి ఆట మానేశానని నవ్వుతూ చెప్పాడు. గెలిచినవాడు కడుపునిండా తినాలని నా పళ్లెంలో ఇంకో ముద్ద వేశాడు. సిగ్గుతో గొంతు పట్టుకుపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ పులుసు అద్భుతంగా ఉంది, మళ్లీ అడిగి వేయించుకున్నాను. ఆ సిగ్గు ఇంటికొచ్చాక మొదలైంది, ఇప్పటికీ అరగలేదు.

పోయిన నెల ఒక పెళ్లిలో కనిపించాడు. ఎనభై దగ్గరపడ్డా మనిషి గట్టిగానే ఉన్నాడు. నా భుజం మీద చెయ్యేసి, నన్ను ఓడించిన మొనగాడు ఈయప్పే అని మనవడికి చూపించాడు. ఆ పిల్లవాడు నాకు దండం పెట్టాడు.

ఈ పొద్దున కాగితం తీసి, నిమ్మకాయ పెట్టి చూశాను. ఆరూ మూసుకుపోయాయి. కవరులో పెట్టి ఆయన అడ్రసు రాశాను. పోస్టాఫీసు దాకా నా కాళ్లు పోతాయో లేదో నాకే నమ్మకం లేదు. మీకైతే చెప్పేశాను, కాస్త తేలికగానే ఉంది.

ఆయన కండ్లకు ఆ రోజు ఏమీ కాలేదు.