పుస్తకాలు సర్దుకోండి

ఈ యేడు ఏప్రిల్ మొదటి సోమవారం, ఉదయం ఆరున్నర గంటలకు, మా అక్క మనవరాలు వసారాలో నిలబడి, ఆ రోజు నుంచి తాను వెళ్ళబోయే తొమ్మిదవ తరగతి నియమాలన్నింటినీ ఫోనులో చూస్తూ మాకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చెబుతూ, గేటు ఎప్పుడు మూస్తారో, జడలు ఎలా ఉండాలో, శనివారం పరీక్షలో మార్కులు తగ్గితే ఇంటికి ఎంత వేగంగా కబురు వస్తుందో, అన్నీ గొణుక్కుంటూ విసుక్కుంటూ చదివింది. చివరికి వచ్చి, "గంట కొట్టేదాకా పుస్తకాలు సర్దుకోకూడదట అమ్మమ్మా, ఏటో వీళ్ళ గోల," అన్నది. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. ఆమె కాలు దానంతటది పీట పక్కన చెప్పుల కోసం తడుముకుంది. దొరికాక రెండు పాదాలకూ తొడుక్కుని, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. పిల్ల గమనించలేదు. నేను గమనించాను. తేదీ, వేళ వేసి దినచర్య వ్రాసుకోవడం నా అలవాటు గనుక ఆనాటి పుటలో వ్రాసుకున్నాను కూడా. కానీ రెండు వాక్యాలకంటె ముందుకు కలం సాగలేదు. ఆ మిగిలినది ఇప్పుడు వ్రాస్తున్నాను.

అక్క అన్నాను గానీ ఆమె మా పెదనాన్న కూతురు. శ్రీకాకుళం వైపు పల్లెలో అమ్మమ్మ దగ్గర కొంతకాలం ఉండిపోయి బడిలో ఆలస్యంగా చేరడం వలన, నాకంటె పెద్దదైనా నా తరగతిలోనే, నా బెంచీ మీదనే చదివింది. మా నాన్న, పెదనాన్న బెంగాలులోని ఖరగ్‌పూర్ రైలు కార్ఖానాలో ఒకే విభాగంలో, అక్కడివారి మాటలో ఒకే షాపులో, ఫిట్టర్లు. మథురాకాటి రైల్వే కాలనీలో మా క్వార్టరు ఒక సందులో, వాళ్ళది పక్క సందులో.

రైలు ఊళ్ళలో పెరిగిన నా ఈడువారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు: గోడ మీద గడియారం ఉన్నా, మా ఇళ్ళలో దాన్ని ఎవరూ నమ్మేవారు కారు. కార్ఖానా సైరనే మా అందరికీ వేళ. మొదటి సైరను కూసేటప్పటికి ఒంటి మీద నీళ్ళు పడి ఉండాలి, రెండవదానికి నాన్నల సైకిళ్ళు గేటు దాటాలి, ఆ వెంటనే మేము నల్ల రిబ్బన్ల రెండు జడలతో తెలుగు బడి ముందు వరుసకట్టి ఉండాలి. సాయంత్రం షాపు విడిచే సైరనుకు దీపం వెలిగించి, అన్నం ఉడికేదాకా పైకి చదవాలి. పైకి ఎందుకంటే, మా పెద్ద టీచరుగారు గొడుగు చేతబట్టుకుని సందు సందూ తిరుగుతూ, కిటికీలోంచి పదవ తరగతి గొంతులు వినబడుతున్నాయో లేదో చూసుకునేవారు. విజయనగరం నుంచి వచ్చి పెళ్ళి మాట తలపెట్టకుండా బడినే ఇల్లు చేసుకున్న మనిషి. గంజి పెట్టిన తెల్ల చీర, తోలు చెప్పుల టకటక. ఆ చప్పుడు వినబడితే రథయాత్ర జీళ్ళు నోట్లో ఉన్నవాళ్ళు కూడా అమాంతం మింగేసేవారు. "ఈవిడిగారికి పెళ్ళే అయ్యుంటే, గంట కొడితేగాని మొగుణ్ణి కూడా కంచం ముందునుంచి లెగనిచ్చీది కాదే," అని అక్క నా చెవిలో అనేది. నేను నవ్వు ఆపుకోలేక దొరికిపోయి బెంచీ ఎక్కేదాన్ని. అన్న మనిషి మాత్రం ఏమీ ఎరగని ముఖంతో నోటు వ్రాసుకునేది.

ఆవిడ నియమాలన్నింటిలోకీ పెద్దది సైరను నియమం. కార్ఖానా సైరను వేళ కాని వేళ మ్రోగిందంటే ఎక్కడో ఏదో జరిగిందని అర్థం. మేము చేరకముందు, అలా మ్రోగినప్పుడల్లా బడిపిల్లలందరూ నాన్నల కోసం పట్టాలు దాటుకుంటూ పరుగెత్తేవారట. ఒకసారి అలా పరుగెత్తిన పిల్లవాడొకడు షంటింగు ఇంజను కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆనాటి నుంచి వేళ కాని సైరను వినబడిన మరుక్షణం బడి గేటుకు గొలుసు పడేది. తలెత్తకూడదు, లేవకూడదు, ఏడవకూడదు. లేవడం గంటకే గాని సైరనుకు కాదు. గంట కొట్టే బంట్రోతు దాదా సైకిలు వేసుకుని కార్ఖానా గేటుకు పోయి, అక్కడివారు చెప్పిన పేరు తెచ్చి పెద్ద టీచరుగారి చెవిన వేసేవాడు. అప్పుడు వరండాలో ఆ తోలు చెప్పులు బయలుదేరేవి. ఒక్కొక్క గది దాటుతున్నకొద్దీ ఆ గదిలోంచి ఊపిరి వదలడం మాకు గోడల మీదుగా వినబడేది. ఏ గుమ్మం ముందు ఆగితే ఆ గదిలో ఒకరి పేరు పిలిచి, ఆవిడ ఒకే ఒక్క మాట అనేవారు: పుస్తకాలు సర్దుకో. ఏం జరిగిందో బడిలో చెప్పరు, ఇంటివాళ్ళే చెప్పాలి. దాదా వెంటబెట్టుకుని నడిపించి ఇంట్లో అప్పగించి వస్తాడు. ఆ మాట విన్నవాళ్ళలో కొందరు, నాన్నకు చెయ్యి విరిగిందనో కాలు నలిగిందనో తెలిసి, మళ్ళీ వచ్చారు. కొందరు రాలేదు.

రథయాత్ర వెళ్ళిన తరువాత, వాన పడి వెలిసిన ఒక పగలు, భూగోళం పాఠంలో ఉండగా సైరను మ్రోగింది. తల వంచుకున్నాము. చెప్పుల చప్పుడు ఎనిమిదవ తరగతిని దాటింది, తొమ్మిదిని దాటింది, మా గుమ్మం ముందు ఆగింది. ఆవిడ పేరు పిలవలేదు. మా బెంచీ వైపు చాలాసేపు చూసి, "మీరిద్దరూ పుస్తకాలు సర్దుకోండి," అన్నారు.

కార్ఖానా గేటు దగ్గర దాదాకు చెప్పినది ఇంటిపేరూ షాపు పేరూ మాత్రమే. ఆ షాపులో ఆ ఇంటిపేరువాళ్ళు ఇద్దరున్నారని గేటువాడికి తెలియదు. పెద్ద టీచరుగారికి తెలుసు. తిరిగి అడిగి రమ్మంటే అంతసేపూ మేమిద్దరం బెంచీ మీద కూర్చుని ఉండాలి. అది చూడలేక ఇద్దరినీ పంపారని ఇప్పుడు అనుకుంటాను. అలా ఎవరి నాన్నో తెలియకుండా మేమిద్దరమూ, తనకే తెలియని కబురు మోసుకుంటూ దాదా, వాన నీళ్ళు నిలిచిన దారిలో బయలుదేరాము. ఏం జరిగిందని ఎన్ని విధాల అడిగినా అతను, "చలో మా, చలో," అనడం తప్ప మరొక మాట అనలేదు.

మా సందు ఎడమకూ, వాళ్ళ సందు కుడికీ చీలే మూల దగ్గరికి వచ్చాక దాదా ఆగిపోయాడు. ఎటు తిరగాలో అతనికి తెలియదు. అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఎవులి నాన్నైనా సరే, ఇద్దరిమూ మళ్ళీ బడికొచ్చీయాల. ఒట్టెయ్యి."

"ఏటే ఆ మాటలు," అన్నాను.

"ఎయ్యమన్నానా! ఒకర్తీ అయితే ఎలాగ నడుస్తామే?"

ఒట్టు వేశాను. మూలనున్న కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు అప్పుడే తల తిప్పి చూశారు. మా ఇద్దరిలో వాళ్ళు చూసినది అక్కను. ఆమెకు అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆమె నా చెయ్యి వదలలేదు; నన్ను కూడా తీసుకునే కుడివైపు తిరిగింది.

పెదనాన్నకు ఏం జరిగిందో మా ముందు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, ఇప్పుడూ వ్రాయను. కర్మకాండ అయ్యాక నేను బడికి వెళ్ళాను, అక్క రాలేదు. వాళ్ళ క్వార్టరు ఖాళీ చేసి, సామానంతా తెచ్చి మా వసారాలో పెట్టుకున్నారు. పెద్దమ్మ మంచం దిగేది కాదు. చిన్నవాళ్ళైన తమ్ముళ్ళిద్దరికీ నీళ్ళు పోసి అన్నం పెట్టేది అక్కే. పెద్దమ్మ అన్నగారు పల్లెనుంచి వచ్చి, పంటలు ఇంటికి రాగానే అందరినీ తీసుకుపోతానని చెప్పి వెళ్ళారు. పోయినవారి బదులు ఇంట్లో ఒకరికి రైల్వేవారు ఉద్యోగం ఇస్తారు గానీ, పెద్దమ్మకు అక్షరం రాదు. ఆఫీసులో కూర్చునే పనికి పది పాసు కావాలి. అక్క పది పాసైతే ఆ కుటుంబం ఈ ఊళ్ళో నిలబడుతుంది, లేకపోతే పల్లెకు పోతుంది. అంతే లెక్క.

మా బడిలో హాజరు ఇంటిపేర్ల వరుసన పిలిచేవారు. అక్క పేరు ముందు, ఆ వెనుక నాది. ఎక్కువ రోజులు రానివారి పేరు కొట్టివేయడం మామూలు. అక్క పేరును మాత్రం కొట్టివేయవద్దని పెద్ద టీచరుగారు మా తరగతి మాస్టరుగారికి చెప్పారు. అందువల్ల ప్రతి ఉదయం ఆ పేరు పిలిచేవారు. ఎవరూ పలికేవారు కారు. మాస్టరుగారు, పిలిస్తే ఆమె ఎక్కడినుంచో వస్తుందన్నట్టు, కొంచెంసేపు ఆగేవారు. ఆ నిశ్శబ్దం నా పేరుకు సరిగ్గా ముందు ఉండేది. దాన్ని చెరిపి, ఉన్నానండీ అని నేను అనవలసి వచ్చేది. ఈనాటికీ ఏ ఆఫీసులో ఎవరు నా పేరు పిలిచినా, దానికి ముందున్న ఆ ఖాళీ నాకు మొదట వినిపిస్తుంది.

సాయంత్రం ఇంటికి రాగానే అక్క గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా అడిగేది: "ఇయ్యాల పిలిసినారా?" పిలిచారనేదాన్ని. "ఎవులు పలికినారు?" ఎవరూ పలకలేదనేదాన్ని. తరువాతి గిన్నె అందుకునేది. ఒక సాయంత్రం పెద్ద టీచరుగారే వానలో గొడుగుతో వచ్చి, లోపలికి రాకుండా మా గుమ్మంలో నిలబడి పెద్దమ్మతో, "ఈ వసారాలోంచి నాకొక్క గొంతే వినబడుతోందమ్మా, రెండు వినబడాలి," అని చెప్పి వెళ్ళిపోయారు. దసరా పూజ సెలవులు అయిన మర్నాడు అక్క పేరు పిలిచినప్పుడు, నా పక్కనుంచే, "ఉన్నానండీ," అని వినబడింది. మాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా పేరు పిలవడం మరచిపోయి తరువాతి పేరుకు పోయారు.

మాధ్యమిక్ అనే పదవ తరగతి బోర్డు పరీక్షకు ముందు బడిలో పెట్టే టెస్టు గట్టెక్కితేనే ఫారం ఇచ్చేవారు. దీపావళి వెళ్ళాక ఆ టెస్టు జరిగింది. గంట కొట్టకముందు లేచినవారి కాగితం అంతటితో తీసుకుంటారు. దానికి మినహాయింపు లేదు. లెక్కల పరీక్షనాడు, సగం వేళ గడిచి ఉంటుంది, సైరను మ్రోగింది. గేటు గొలుసు చప్పుడు వినబడింది. తలలు వంచుకున్నాము. అంతలో, పరీక్ష కోసం అక్కను కూర్చోబెట్టిన నా ముందు వరుసలో బెంచీ కిర్రుమంది. అక్క కలానికి మూత పెట్టి, జామెట్రీ బాక్సు మూసి, బెంచీ కింద కాలితో తడిమి చెప్పులు తొడుక్కుని, లేచి వచ్చి నా పక్కన నిలబడింది. మాస్టరుగారు వెంటనే ఆమె కాగితం తీసి తన బల్ల మీద పెట్టుకున్నారు. అప్పటికే గుమ్మంలో పెద్ద టీచరుగారు ఉన్నారు.

"కూర్చో అమ్మా," అన్నారావిడ, ఎన్నడూ వినని మెత్తని గొంతుతో. "నీ వంతు అయిపోయింది."

"నా కోసం కాదండి టీచరుగోరూ," అన్నది అక్క. "మా సిన్నాన్న ఇంకా షాపులోనే ఉన్నాడు కదండి. కబురొస్తే ఇదొక్కర్తీ ఎలాగ నడుస్తాది?"

నేను తల ఎత్తలేదు. ఎత్తకూడదన్న నియమం వలన కాదు. ఆవిడ వరండాలోకి వెళ్ళారు. అక్క అలాగే నిలబడి ఉంది. ఆమె చెయ్యి నా బెంచీ అంచు మీద ఉంది. చాలాసేపటికి దాదా సైకిలు వచ్చిన చప్పుడు, తరువాత చెప్పులు. ఎనిమిదిని దాటాయి, తొమ్మిదిని దాటాయి, మా గుమ్మం ముందు ఆగాయి.

"ఎవరూ కాదు. వ్రాయండి."

ఎక్కడో బయటి లైను మీద గూడ్సు బండి పట్టాలు తప్పిందనీ, మనుషులకేమీ కాలేదనీ సాయంత్రం తెలిసింది. అప్పటికి మాత్రం మాకు ఆ రెండు మాటలే చాలు. మాస్టరుగారు అక్క కాగితం ఎత్తి చూపి, మెల్లిగా, "ఈ అమ్మాయి లేచిందండీ," అన్నారు. పెద్ద టీచరుగారు ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, తీసుకెళ్ళి అక్క బల్ల మీద పెట్టారు.

"గంట కొట్టలేదు," అన్నారు. "ఎవరూ లేవలేదు."

అక్క వెళ్ళి కూర్చునేదాకా కాగితం అంచు మీద వేలు పెట్టి అక్కడే నిలబడ్డారు.

ఇప్పుడు మేముంటున్న ఇంటికి కార్ఖానా సైరను సరిగ్గా వినిపించదు. గాలి ఇటు తిరిగిన రోజున మాత్రం సన్నగా, వేరొకరి ఇంట్లో ఏడుపులా వస్తుంది. అక్క మనవరాలి బడిలో సైరను నియమం లేదు. ఏ కబురైనా గేటు దాటేలోపు అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది. ఒక మనిషి నడిచి వచ్చి గుమ్మం ముందు ఆగనక్కరలేదు, ఎవరినీ వెంటబెట్టుకుని ఇంటిదాకా నడిపించనక్కరలేదు. ఇది మేలే కావచ్చు. ఆ పిల్ల ఆ పూట టోటో రిక్షా ఎక్కుతూ, "అమ్మమ్మా, నువ్వెక్కడికి తయారైనావు, సెప్పులేసుకుని?" అని అడిగింది. అక్క తన పాదాల వంక చూసుకుని, ఎక్కడికీ లేదన్నది.

పోయినవి: పెదనాన్న; వాళ్ళ క్వార్టరు; అక్క ఒక వానాకాలపు చదువు; పెద్ద టీచరుగారు; సాయంత్రాలు సందుల్లో పైకి చదివే గొంతులు; ఆ తెలుగు బడిలో నిండిన బెంచీలు. నిలిచినవి: టెస్టులోనూ ఆ తరువాత మాధ్యమిక్‌లోనూ అక్క పాసు; ఆమె పదవీ విరమణ దాకా చేసిన ఆఫీసు ఉద్యోగం; ఆ ఉద్యోగంతో చదివిన తమ్ముళ్ళిద్దరు; షాపునుంచి క్షేమంగా రిటైరై మంచం మీద కన్నుమూసిన మా నాన్న; సందు చీలిన మూల దగ్గర వేసిన ఒట్టు; కత్తిపీట పక్కన, కాలికి అందేంత దూరంలో, ఒక జత చెప్పులు.