శ్రీహరి బావ నమ్మిన ముల్లు

మా శ్రీహరి బావ తన పాత పికప్ వ్యాన్ డాష్‌బోర్డు మీద ఒక్క ముల్లును తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు.

డీజిల్ ముల్లు ఎప్పుడూ ఫుల్లే చూపేది. బావ ట్యాంకులో పుల్ల ముంచి తడి చూసుకునేవాడు. స్పీడు ముల్లు సున్నా మీద పడుకుని ఏళ్లయింది.

"డోరు గడగడమంటే నలభై. సీటు గూడ ఊగితే అరవై."

"డెబ్బై అయితే, బావా?"

"నీ మొకం సూస్తే తెలుస్తది."

ఆయన నమ్మిందల్లా ఇంజను వేడి చూపే ముల్లు. వాడపల్లి నుంచి సిమెంటు బస్తాలతో, నన్నూ వెంటేసుకుని నల్గొండ పోతున్నప్పుడల్లా, మాడుగులపల్లి రాగానే బావ చెప్పుల కోసం సీటు కింద తడుముకునేవాడు. అదే సమయానికి ముల్లు టక్కున ఎర్రగీత ఎక్కేది. బండి సరిగ్గా బుచ్చమ్మ ఇంటి ముందు ఆగేది.

బావకు డ్రైవింగు నేర్పిన సైదులు భార్య ఆమె. సైదులు పోయాక ఒక్కతే ఉంటోంది. ఎవరైనా పలకరించడానికి వస్తే, "నాకేమైంది, బాగనే ఉన్న. నడువుండ్రి," అని వాకిట్లోంచే పంపేసేది.

"అవ్వా, జర బిందెడు నీళ్లియ్యి."

"మల్ల మసిలిందారా నీ డొక్కు బండి? అమ్ముకోరాదు."

"సల్లారినంక ఆలోచిస్త."

చల్లారడానికి గంట పట్టేది. ఆ గంటసేపూ ఆమె బండిని తిట్టేది, సైదులును తలుచుకునేది, మాతోపాటు ఇంత తినేది. నేను వాచీ చూసుకుంటూ సణిగేవాణ్ని.

పోయిన చలికాలం బావ గుండెపోటుతో పోయాడు. ఎప్పుడూ వేడెక్కే ఇంజను ఎవరికి కావాలి, తుక్కుకిచ్చేద్దామంది అక్క. నాకు మనసొప్పక, మిర్యాలగూడలో ఎలక్ట్రీషియన్ ప్రభుదాస్‌కు ఒకసారి చూపించాను. తాళం తిప్పగానే ముల్లు ఎర్రగీత ఎక్కింది. ప్రభుదాస్ ఇంజను మీద చెయ్యి పెట్టాడు.

"సల్లగున్నది సార్."

ఇంజను దగ్గర సెన్సార్ వైరు పీకాడు. అయినా ముల్లు దిగలేదు.

"అయితే నడుమల యాడనో వైరు బాడీకి తగులుతున్నది."

వైరు వెంబడే పోయి డ్రైవర్ సీటు కింద దూరాడు. లోపల్నుంచి నవ్వు వినిపించింది. అక్కడొక చిన్న స్విచ్. ఒకవైపు నొక్కితే ముల్లు ఎర్రగీతకు, రెండోవైపు నొక్కితే కిందికి. చివరి ట్రిప్పున బావ దించడం మరిచినట్టున్నాడు.

"ఇంజనుకేం కాలే సార్. స్విచ్ పీకెయ్యాల్నా?"

"ఉండనీ."

మర్నాడు బండి నేనే నడిపాను. మాడుగులపల్లిలో ఆపి నీళ్లడిగాను. బుచ్చమ్మ బిందె తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఈడ్నే ఉండనీ బిడ్డా. ఆ బండికి ఏనాడన్న సుక్క నీళ్లు పట్టినయా? నేను డ్రైవర్ పెండ్లాన్ని, నాకెరుక లేదా?"

నేను డాష్‌బోర్డు మీద ముల్లు వైపు చూశాను.

"ఇంజను సల్లారాలె గద," అంది బుచ్చమ్మ. "దా, అప్పటిదాక ఇంత తిను."

దిగుదామని, చెప్పుల కోసం సీటు కింద తడుముకున్నాను.