వ్యాసకర్త తరఫున

నాన్న పోయిన నెల నా డైరీలో కూరల పేర్లు తప్ప ఏమీ లేవు. దొండకాయ. బీరకాయ. పక్కింటివాళ్ళు పంపిన సాంబారు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. అమ్మ మాత్రం రెండు రోజులకోసారి ఒకటే అడిగేది.

"నాన్న వ్యాసం ఎప్పుడు వేస్తారంట?"

నాన్న సనత్‌నగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాడు. ఆదివారాలు మాత్రం పంజాగుట్టలోని చరిత్ర సంఘానివి. ఒక స్కానింగ్ సెంటర్ పైన రెండు గదులు, నిండా బీరువాలు. మెట్రో పోయినప్పుడల్లా వాటి అద్దాలు సన్నగా వణికేవి. ఎప్పుడో కొందరు స్కూలు మాస్టర్లు, ప్లీడర్లు కలిసి పెట్టిన సంఘం అది. సెలవులొస్తే వాళ్ళు బస్సెక్కి ఊళ్ళు తిరిగి, పొలం గట్ల మీదా గుడి గోడల మీదా శాసనాలు వెతికేవాళ్ళట. రాయి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే గుంటల్లో ఉన్న అక్షరాలు తెల్లగా మిగులుతాయి. అలా తీసిన నకళ్ళు ఇప్పటికీ ఆ బీరువాల్లో చుట్టలుగా ఉన్నాయి. వాటి మీద సభ్యులు రాసిన వ్యాసాలు ఏడాదికొక సంపుటంగా అచ్చవుతాయి. నాన్న చాలా ఏళ్ళు సభ్యుడు. ఆయన వ్యాసం ఒక్కటీ అందులో పడలేదు. ఫ్యాక్టరీ గుమాస్తాకు చరిత్రెందుకని ఎవరూ అనలేదు గానీ, నాన్నకు అది వినిపిస్తూనే ఉండేది.

పోయే ముందు ఏడాది ఆయనకు ఒక శాసనం దొరికింది. అమీర్‌పేటలో కోచింగ్ కోసం వచ్చే అమ్మాయిలుండే హాస్టల్, దాని పెరట్లో, కుళాయి పక్కన. ఆయనతో పనిచేసే ఒకాయన మేనకోడలు అక్కడ ఉంటూ చెప్పింది. నాన్న వెంటనే నన్ను తీసుకుని వెళ్ళాడు. హాస్టల్ ఆంటీ గేటు సగమే తెరిచింది.

"సార్, మీరు బయటనే ఉండుండ్రి. లోపల ఆడపిల్లలు ఉంటరు. పాప ఒక్కతే రావాలె."

"శాసనం అండీ, చాలా పాతది..."

"గా రాయా? దాని మీద మా పిల్లలు బట్టలు ఉతుకుతరు సార్. మీకు గంత ముద్దొస్తే ఇంకో బండ తెచ్చియ్యుండ్రి, గిది పట్టుకపోండ్రి."

అందుకని నకలు నేనే తీశాను. ఇంట్లో రుబ్బురోలు మీద వారం పాటు నేర్పించాడు. అక్కడ నేను నాచు కడిగి, కాగితం పరిచి కొడుతుంటే, ఆయన గేటు బయట పానీపూరీ బండి పక్కన నిలబడి ఫోన్‌లో చెబుతూ ఉన్నాడు. మెల్లగా. చినగకుండా. నీళ్ళు ఎక్కువైతే సిరా పాకుతుంది. ఒక మూల తుప్పు పట్టిన ఇనుప ఊచ పైకి పొడుచుకొచ్చి ఉంటే అదీ చెప్పాను.

"బట్టల తీగ కట్టుకోడానికి కొట్టుంటార్లేమ్మా. నువ్వు అక్షరాలు చూడు."

ఎవరో ఒకాయన చెరువు తవ్వించి భూమి ఇచ్చాడని అందులో ఉంది. ఆ చెరువు ఈ అమీర్‌పేట గల్లీల కిందే ఎక్కడో ఉండేదని నాన్న ఇరవై పేజీలు రాశాడు. ఆ రాయిని ఆయన ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. నా నకలు చూసి రాశాడు. వ్యాసం సంఘానికిచ్చాడు. దాన్ని అందరి ముందూ చదవాల్సిన సమావేశం రాకముందే గుండెపోటుతో పోయాడు.

ఆ సంఘంలో సంతాప సభ పెట్టరు. సభ్యుడు పోతే ఆయన ఆఖరి వ్యాసాన్ని ఇంకొకరు ఆయన కుర్చీలో కూర్చుని చదువుతారు. ప్రశ్నలకు ఆయన తరఫున జవాబులు చెబుతారు. ఆ పూటంతా వాళ్ళను 'వ్యాసకర్త గారూ' అనే పిలవాలి. వ్యాసం అచ్చుకివ్వాలో వెనక్కి తీసుకోవాలో చెప్పేది కూడా వాళ్ళే. నన్ను చదవమన్నారు. నలుగురిలో నా పేరు చెప్పడానికే తడబడతాను నేను. ఆ రోజు తడబడలేదు. రైల్వే స్టేషన్లో మైకులా చదువుకుంటూ పోయాను.

చదవడం అయ్యాక ఒక పెద్దావిడ చెయ్యెత్తారు. రిటైరైన లెక్చరర్. సంఘం మొదటి రోజుల నుంచి మిగిలింది ఆవిడొక్కరే.

"వ్యాసకర్త గారూ, ఒక్క సందేహం. మన సంఘం మొదట్లో అమీర్‌పేటలోనే ఒక అద్దింట్లో ఉండేది. అప్పుడు ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి ఒక శాసనానికి సిమెంటుతో నమూనా పోశాం. అసలుది ఎక్కడో దూరాన పల్లెటూళ్ళో ఉంది. దాని పాఠం మన మొదటి సంపుటంలో వేశాం. మన దగ్గర మిగిలిన ఒక్క ప్రతినీ ఎవరో చదువుతానని పట్టుకెళ్ళి మళ్ళీ తేలేదు, అందుకే ఇక్కడ ఎవరూ చూసుండరు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొయ్యలేక ఆ నమూనా పెరట్లోనే వదిలేశాం. మీరు చదివిన వాక్యాలు నాకు అదే అనిపిస్తున్నాయి. మేం లోపల ఇనుప ఊచలు పెట్టాం. మీ దానికి ఎక్కడైనా ఇనుము కనిపించిందా?"

అధ్యక్షుడు ముందుకు వంగాడు. నాంపల్లి కోర్టులో చాలా ఏళ్ళు వాదించిన వకీలు ఆయన.

"మేడమ్, జర ఆగుండ్రి. గా హాస్టల్‌లకు మనల్ని ఎవరు రానిస్తరు? అక్కడికి పోయి ఎవరు చూసొచ్చిండ్రు? పోయినాయన పేరు ఒక్కసారన్న పడనియ్యుండ్రి."

"తప్పని అనుమానమొచ్చాక ఎలా వేస్తామండీ?"

"అనుమానమే గద. ఫికర్ లేదు, కింద ఒక నోట్ పెడదాం."

ఇద్దరూ నా వైపు చూశారు. చూసొచ్చింది నేనొక్కదాన్నే. గుర్తులేదంటే చాలు, వచ్చే సంపుటంలో నాన్న పేరు ఉంటుంది. అమ్మ దాన్ని అందరికీ చూపిస్తుంది. ఇదంతా నాకు స్పష్టంగానే తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు.

"ఉందండీ. కింది మూలలో. తుప్పు పట్టిన ఊచ."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి వ్యాసకర్త గారు ఏమంటరు?"

"వెనక్కి తీసుకుంటున్నాను."

టీ తాగేటప్పుడు పెద్దావిడ నా పక్కన కూర్చున్నారు. "మీ నాన్నగారు ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదమ్మా. మా సిమెంటు పనే అంత బాగా కుదిరిందన్నమాట," అన్నారు. నవ్వబోయి, ఆపుకున్నారు. నేను బిస్కెట్ తిన్నాను. మెత్తబడిపోయి ఉంది.

మా ఇల్లు అమీర్‌పేటలోనే, పంజాగుట్ట నుంచి మెట్రోలో ఎంతసేపని. ఇంటికొచ్చేసరికి అమ్మ హాల్లో గోంగూర వలుస్తోంది.

"వేస్తారంటనా?"

"లేదమ్మా."

"ఎందుకు? ఏమైంది?"

"అది పాత రాయి కాదు. సంఘం వాళ్ళే ఎప్పుడో పోసిన సిమెంటు బిళ్ళ."

"ఎవరన్నారు?"

"ఒకావిడకి అనుమానం వచ్చింది. ఊచ ఉందని నేనే చెప్పాను."

అమ్మ కాడలు ఒక పక్క, ఆకులు ఒక పక్క వేస్తూనే ఉంది.

"ఆ సమావేశానికి ఆయనే వెళ్ళుంటే ఒప్పుకునేవాడా?" అంది చివరికి.

"అక్కడ గొడవ పెట్టుకునేవాడు."

"ఇంటికొచ్చి నాతో కూడా."

"అన్నం తినేవాడు కాదు."

"నాలుగు రోజులు," అంది అమ్మ. "ఆ తర్వాత సైకిలేసుకుని వెళ్ళి, ఆవిడ చెప్పిందే నిజమని చెప్పొచ్చేవాడు."

"అంతే."

"సరే అయితే," అని గోంగూర కట్ట ఒకటి నా వైపు జరిపింది. చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాను. ఇద్దరం వలుస్తూ కూర్చున్నాం.