డెంటల్ అనడానికి నాకు నోరు రాలేదు

పళ్ళ డాక్టరు చదువంటే మీకు చిన్నచూపు. కాదని బుకాయించకండి. ఈ మధ్యాహ్నం మన తెలుగు అసోసియేషన్ భోజనాల దగ్గర నేనూ మీలాంటివాడినేనని తేలిపోయింది.

రావుగారమ్మాయి సునీత డిగ్రీ అయ్యాక డెంటల్ స్కూల్లో సీటు కోసం ఏడాదిగా సాయంత్రం క్లాసులకు వస్తోంది. కెమిస్ట్రీ చెప్పేది నేనే. చెయ్యి కుదరాలని ఇంట్లో మైనంతో పళ్ళు కూడా చెక్కుతుంది. భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఆమె ఏం చదువుతోందని అడిగారు. నేనే తొందరపడి, "మెడిసిన్‌కి ప్రిపేరవుతోందండీ" అన్నాను.

సునీత పేపర్ ప్లేటు కింద పెట్టేసింది.

"మీరు కూడానా అంకుల్? డాడీ అందరికీ అలాగే చెప్తారు. మీరు డిఫరెంట్ అనుకున్నా. నాకు మీ లెటర్ వద్దు."

టీచరు సిఫారసు ఉత్తరం లేకపోతే ఆమె అప్లికేషన్ కదలదు. శుక్రవారమే గడువు. సమానత్వం మీద మైకు పట్టుకుని అరిచే నేను ఒక్క చిన్న నిజం చెప్పలేకపోయాను. మీరెవరి చదువు మార్చి చెప్పారో గోడకి అంటించిన ఈ కాగితం కిందే రాయండి, నాకు తోడుంటారు.

నా డిమాండ్లు ఇవి:
పిల్లలు చదివే చదువు పేరే చెప్పండి.
"మెడిసిన్ రాలేదా?" అని అడగడం మానండి.
సునీత నా ఫోన్ ఎత్తడం లేదు. ఉత్తరం రాసేశానని ఎవరైనా ఆమెకు చెప్పండి.