సార్ ఆగిన చోటల్లా గీత

సంబంధిత అధికారుల సముఖమునకు. ఎవరు సంబంధితులో మా కళాశాలలో ఇంతవరకు తేలలేదు గనుక ఈ విన్నపం అందరినీ ఉద్దేశించినదిగా భావించగలరు. సవినయంగా మనవి చేయునది ఏమనగా, మాకు ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించిన సార్ గత సోమవారం ఉదయం హన్మకొండలోని తమ ఇంట్లో కన్నుమూశారు. ఊపిరితిత్తులు క్రమంగా గట్టిపడిపోయే జబ్బుతో ఆయన చివరి రెండేళ్ళూ ప్రతి శ్వాసకూ దరఖాస్తు పెట్టుకుని బతికారు. కొన్ని వెంటనే మంజూరయ్యేవి. కొన్ని పెండింగులో ఉండేవి. సోమవారం నాటిది తిరస్కరణకు గురైంది.

పాఠకులు ఈ భాషను మన్నించాలి. నేను మొదట ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి, తర్వాత అదే శాఖలో ఆయన ఎదుటి కుర్చీలో ఉద్యోగం చేసినవాణ్ణి. ఇలా రాయడం ఆయనే నేర్పారు. "ఆఫీసు భాషల రాస్తే ఏడుపు గూడ మర్యాదగ వస్తదయ్యా" అనేవారు.

జబ్బు పేరు చెప్పిన రోజు దవాఖానకు తోడుగా నేనే వెళ్ళాను. ఇది వెనక్కి పోయే జబ్బు కాదని, నెమ్మదింపజేయడమే తమ చేతిలో ఉందని డాక్టరుగారు వివరించారు. దుమ్ముకు దూరంగా ఉండాలి, మెట్లు ఎక్కకూడదు, ఎక్కువసేపు మాట్లాడకూడదు. సార్ శ్రద్ధగా విని, "డాక్టర్‌సాబ్, దుమ్ము, మెట్లు, మాటలు తీసేస్తే నా నౌకరిల మిగిలేది సంతకమొక్కటే గద" అన్నారు. డాక్టరుగారు నవ్వలేదు. పదవీ విరమణకు అప్పటికి ఇంకా మూడేళ్ళుంది. ఉద్యోగం మానాలా, కొనసాగాలా అన్న ప్రశ్న ఆ గదిలోనే దాఖలైంది.

ఇంట్లో ఆయన భార్య అభిప్రాయం ఆ సాయంత్రమే వెలువడింది.

"ఇగ చాలు. వాలంటరీ తీసుకోండ్రి. ఇంట్ల కూసోండ్రి."

"ఇంట్ల కూసుంటే నీ వంటింటి మీద ఆడిట్ మొదలుపెడ్త, చూస్కో మరి."

"పెట్టుండ్రి. బతికుండి పెట్టుండ్రి."

నేను చేతిలోని టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

మా తరగతి గదులు రెండో అంతస్తులో ఉన్నాయి. సార్ తరగతిని కిందికి మార్చే విషయం పరిశీలించడానికి ఒక కమిటీ ఏర్పాటైంది. ఆ కమిటీ రెండో అంతస్తులోని సెమినార్ హాలులో సమావేశమైంది. తమ ఇబ్బందిని స్వయంగా విన్నవించుకోవడానికి సార్ మెట్లెక్కి వచ్చారు. గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుని లోపలికి అడుగుపెట్టేసరికి తీర్మానం సిద్ధంగా ఉంది. సదరు అధ్యాపకులు స్వయంగా పైకి హాజరైనందున గది మార్పు అత్యవసరం కాదని భావించడమైనది. కింది అంతస్తులో ఖాళీ గది ఉన్నమాట నిజమే. అందులో విరిగిన బెంచీలుండేవి. వాటిని పారేయడానికి అనుమతి లేదు. బెంచీలకు మెట్లెక్కే అవసరం లేకపోయినా కింది గది వాటికే దక్కింది.

ఆ తర్వాత మా స్టాఫ్‌రూముకు ఒక కొత్త అలవాటు వచ్చింది. ఉదయం ఆయన మెట్లెక్కే వేళకు మాటలు ఆగిపోయేవి. ఎవరూ తలుపు వైపు చూసేవారు కాదు. అందరం వినేవాళ్ళం. మొదటి అంతస్తు మలుపులో దగ్గు వినిపించేది. వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. చేతిలో పత్రిక ఉన్నవారు పేజీ తిప్పేవారు కాదు. ఎదురు వెళ్ళి చెయ్యి అందిస్తే ఆయనకు కోపమొస్తుందని అందరికీ తెలుసు. అందుకని కుర్చీలకే అతుక్కుని, ఆయనతో పాటు మేమూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. చివరికి తలుపు దగ్గరికొచ్చి, కాసేపు నిలబడి, "ఏందయ్య, అందరు మౌనం పాటిస్తాండ్రు? నేనింక పోలే" అనేవారు.

క్రమంగా ఆయనకు పొడుగు వాక్యం ఒక్క ఊపిరిలో పూర్తికావడం మానేసింది. మధ్యలో ఆగేవారు. తొర్రూరు నుంచి, రఘునాథపల్లి నుంచి బస్సుల్లో నిలబడి వచ్చే మా పిల్లలకు పరీక్షల భయం ఎక్కువ. సార్ ఒక మాట అని ఆగారంటే అది ముఖ్యమైనదని, గీత గీసుకోవడానికి తమకు సమయం ఇస్తున్నారని వాళ్ళు అనుకున్నారు. ఆగిన చోటల్లా, ఆగడానికి ముందున్న మాట కింద స్కేలు పెట్టి గీత గీశారు.

ఈ సంగతి బయటపడిన రోజు నేను చివరి బెంచీలో ఉన్నాను. సార్‌కు ఇబ్బందైతే పాఠం అందుకోవాలని నన్ను అక్కడ ఉంచారు. "జిల్లా కలెక్టరుకు విశేషాధికారాలున్నయి, అయితే" అని సార్ ఆగారు. గది నిండా స్కేళ్ళు బెంచీల మీద టకటకలాడాయి.

"ఏం గీస్తాండ్రు?"

ముందు బెంచీలో తొర్రూరు అమ్మాయి లేచింది. "ఇంపార్టెంట్ సార్. మీరు ఆగిండ్రు గద."

"నేనెందుకు ఆగిన బిడ్డా?"

"మేం గీత గీసుకునేటందుకు సార్."

ఆయన నవ్వారు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకూ ఆగలేదు. నేను లేచి నిలబడ్డాను, చెయ్యెత్తి వారించారు. ఆ బ్యాచ్ లెక్క ప్రకారం ప్రభుత్వ పాలనలో అత్యంత కీలకమైన మాటలు 'అయితే', 'కాబట్టి', 'తదుపరి'. ఆలోచిస్తే అదేమంత తప్పు కూడా కాదు.

స్టాఫ్‌రూముకు వచ్చాక మాత్రం ఆ నవ్వు లేదు. "పాఠం చెప్తాన్న అనుకుంటాన్నయ్య. పిల్లలకు నా ఆయాసం రాపిస్తాన్న" అన్నారు. మానేస్తారని నాకు ఆ క్షణంలో అర్థమైంది. బాధతో పాటు, నిజం చెప్పాలంటే, గుండె కొంత తేలికపడింది కూడా.

మర్నాడు తరగతిలో ఆయన దాచలేదు. "నేను ఆగేది గాలి కోసం బిడ్డా, గీత కోసం గాదు. ఇగ ఇంటికి పోవుడే నయమేమో అనుకుంటాన్న" అన్నారు. ఆ తొర్రూరు అమ్మాయే లేచింది.

"సార్, మీరు ఆగినకాడ మిగిలింది మేం చెప్తం. తప్పయితే చెయ్యి ఊపుండ్రి. చెయ్యి ఊపనీకి గాలి అక్కర్లేదు గద."

ఆ రోజు నుంచి సగం వాక్యం సార్‌ది, సగం తరగతిది. "కింది గుమాస్తా దగ్గర్నుంచి ఫైలు వచ్చినంక సెక్షన్ అధికారి దాన్ని" అని ఆయన ఆగితే, రఘునాథపల్లి పిల్లవాడు "పోగొడ్తడు సార్!" అని అందుకునేవాడు. సార్ ఊపడానికి చెయ్యెత్తి, ఆలోచించి, దించేవారు. కొన్నాళ్ళకు తనిఖీ బృందం వచ్చి చూసి, దీన్ని భాగస్వామ్య బోధనగా గుర్తించి, అన్ని శాఖలూ అనుసరించాలని సూచించింది. ఊపిరితిత్తులు పూర్తి ఆరోగ్యంగా ఉన్న అధ్యాపకులు కూడా వారం పాటు వాక్యాలను సగంలో ఆపారు.

ఉద్యోగం మానకుండా కొనసాగడం సరైన నిర్ణయమేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అంత్యక్రియలైన సాయంత్రం ఆయన భార్య నన్ను పక్కకు పిలిచారు.

"తమ్మీ, ఒక్కటి చెప్పు. నేను గట్టిగ ఆపితే ఇంకిన్ని రోజులు ఉంటుండెనా మీ సారు?"

ఆమే అన్నారు: "క్లాసున్న రోజు రెండు రొట్టెలు తింటుండె. లేని రోజు పళ్ళెం ముట్టకపోతుండె. ఏది జబ్బో ఏది మందో నాకైతే తెల్వలే."

కళాశాల సంతాప తీర్మానానికి మాత్రం అంతా తెలుసు. "వైద్యుల సలహాను లెక్కచేయక, తమ స్వీయ నిర్ణయం మేరకు విధులు కొనసాగించారు" అని అందులో ఉంది. దీనికి నా అభ్యంతరం నమోదు చేసుకోవాలి. ఆయన నిర్ణయం ఒక్కసారి తీసుకున్నది కాదు. ప్రతి ఉదయం మెట్ల కింద నోటీసు బోర్డు ముందు నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా చదువుతూ కనిపించేవారు. అంత చదవడానికి ఏముందని ఒకసారి అడిగాను.

"ఏంలేదయ్య. ఊకె నిలబడితే పిల్లలు కుర్చీ తెస్తరు. చదువుతాంటే ఎవ్వరడగరు. పైకెక్కుడా, ఇంటికి మర్లుడా అని రోజు ఈడనే అనుకుంట."

కొన్ని రోజులు చదవడం ముగించి గేటు బయటికి నడిచి ఆటో ఎక్కేవారు. చాలా రోజులు మెట్లెక్కేవారు. కన్నుమూయడానికి రెండు రోజుల ముందు, శనివారం కూడా ఎక్కారు.

కావున ఈ క్రింది డిమాండ్లను దాఖలు చేయడమైనది.

డిమాండు 1. సంతాప తీర్మానం నుంచి "లెక్కచేయక" అన్న మాటను తొలగించాలి. ఆయన ఆ సలహాను రోజూ లెక్కచేశారు.

డిమాండు 2. కింది గదిలోని బెంచీల భవిష్యత్తు తేలేవరకు, మెట్ల కింది నోటీసు బోర్డును ఏ పరిస్థితిలోనూ ఖాళీగా ఉంచరాదు. ప్రకటించడానికి ఏమీ లేకపోతే పాతవే ఉంచాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఎందుకనగా, అర్థశాస్త్రం చెప్పే మేడం ఈ వారం నుంచి ఉదయం పూట అక్కడ నిలబడుతున్నారు. నిన్న ఆమె, ఒక చేత్తో గోడ పట్టుకుని, గడువు ముగిసిన స్కాలర్‌షిప్ నోటీసును చివరిదాకా చదివి, మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.