పన్నెండు పుస్తకాల లిస్టు

2022 నవంబరు నాటి సంగతి. హాంబర్గ్‌లో ఒక ఆర్ట్ లైబ్రరీలో ఆస్కున్ఫ్ట్ డెస్కు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి నాకప్పటికి తొమ్మిదేళ్లు. ఎవరికి ఏ పుస్తకం కావాలో చూసి చెప్పే బల్ల అది. ఈ ఊరి గాలికి గొడుగు నిలవదు కాబట్టి, గొడుగు పట్టుకుని వచ్చినవాళ్లని చూడగానే ఊరికి కొత్త అని తెలిసిపోతుంది. ఆ రోజు వచ్చిన సనా అనే అమ్మాయి చేతిలో గొడుగుంది. దాని ఊచలు మూడు విరిగి వేలాడుతున్నాయి.

ఆమె గురించి చెప్పేముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. పుస్తకం అడిగినవాళ్లకి పుస్తకం తెచ్చి ఇచ్చేస్తే అయిపోదు. ముందు మూడు ప్రశ్నలు అడగాలి. దేనికి కావాలి? ఎప్పటికి కావాలి? ఇప్పటివరకు ఏం చూశారు? దీన్ని మా వృత్తిలో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు. మనుషులు అడిగేదొకటి, వాళ్లకి అవసరమైనదొకటి. ఒకసారి ఒక పెద్దాయన ఓడల బొమ్మల మీద ఉన్న పుస్తకాలన్నీ కావాలన్నాడు. మూడు ప్రశ్నలూ అయ్యాక తేలిందేమిటంటే, ఆయన గోడ మీది బొమ్మలో ఉన్న జెండా ఏ కంపెనీదో తెలిస్తే చాలు. పది నిమిషాల్లో చూసి చెప్పాను. జర్మన్లు ఈ ప్రశ్నలకి ఏమీ అనుకోరు. దేనికని అడిగితే దేనికో చెప్తారు, అంతే.

సనా కౌంటరు ముందు నిలబడి, నా మెడలో ఉన్న బ్యాడ్జీ మీద పేరు చదివి, జర్మన్‌లో మొదలుపెట్టిన వాక్యం మధ్యలో ఆపేసింది.

"మీరు తెలుగా అక్కా?"

"అవునమ్మా, మాది కాకినాడ. మీది?"

"నల్గొండ అక్కా. చదువంత హైదరాబాద్‌ల. నా పేరు సనా. ఇక్కడ బొమ్మలు బాగుచేసే వర్క్‌షాపుల ఆగస్టుల జాయినయిన. విక్టోరియన్ పెయింటర్ల మీద మంచి రిఫరెన్స్ పుస్తకాలు ఏవుంటయో చెప్తారా?"

ఎంతకాలమైందో ఆ బల్ల ముందు తెలుగు విని. సంతోషం పట్టలేకపోయాను. ఆ సంతోషంలో మూడు ప్రశ్నలూ మర్చిపోయానని చెప్పుకుంటే సులువుగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. గుర్తున్నాయి. అడగబుద్ధి కాలేదు. మన పిల్ల నోరు తెరిచి ఒకటడిగితే 'దేనికి' అంటామా? ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్లు అడిగితే ఎందుకని ఆరా తీసినట్టుంటుంది. కొత్తగా వచ్చింది కదా, పుస్తకం ఏదైనా రాస్తోందేమో, పైచదువేమో అని నాకు నేనే ఒక జవాబు చెప్పేసుకున్నాను.

ఆ సాయంత్రం కూర్చుని లిస్టు తయారుచేశాను. బాగా చేశాను కూడా. చిత్రకారుల జీవితాల నిఘంటువు రెండు సంపుటాలు. లండన్‌లో ఏటేటా జరిగిన ప్రదర్శనల్లో ఎవరెవరు ఏ బొమ్మ పెట్టారో చెప్పే జాబితా. ఆ కాలపు చిత్రకళంతటికీ ఒక పెద్ద సర్వే పుస్తకం, రంగుల చిత్రాలతో. మహిళా చిత్రకారుల మీద ఒకటి, కథలు చెప్పే బొమ్మల మీద ఒకటి, ప్రకృతి దృశ్యాల మీద ఒకటి, చివరికి ఫ్రేముల మీద కూడా ఒకటి. మొత్తం పన్నెండు. మాకు హాండప్పరాట్ అని ఒక పద్ధతుంది, ఒక పాఠకుడి కోసం ఒక అరలో పుస్తకాలు విడిగా పెట్టి ఉంచడం. సనా పేరు రాసి ఆ పన్నెండింటినీ అరలో పెట్టాను. చూడముచ్చటగా ఉందని ఫోటో కూడా తీసుకున్నాను.

రెండున్నర వారాలు ఆమె రోజూ సాయంత్రం పనయ్యాక వచ్చేది. మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి వరుసగా చదివేది. రిఫరెన్స్ పుస్తకాన్ని ఎవరూ అలా చదవరు, కావలసిన పేజీ చూసి మూసేస్తారు. నాకు అప్పుడైనా అనుమానం రావలసింది. రాలేదు. ఎంత శ్రద్ధ ఈ పిల్లకి, అని మురిసిపోయాను.

మూడో శుక్రవారం నాడు నాలుగు గంటలకి పన్నెండు పుస్తకాలూ తోపుడుబండి మీద పెట్టుకుని కౌంటరుకి తెచ్చింది.

"అన్నీ అయిపోయినయి అక్కా. చాలా థ్యాంక్స్. సోమవారం నుంచి క్లీనింగ్ మొదలు."

నేను కంప్యూటర్ మీంచి తల ఎత్తాను. "దేని క్లీనింగ్?"

"బొమ్మది అక్కా. ఇంగ్లిష్ పెయింటింగ్. ఇక్కడి ఓడల వ్యాపారం చేసే కుటుంబానిది. ఒకామె మెట్ల దగ్గర కూర్చొని ఉత్తరం చదువుతుంటది, వెనక అంతా చీకటి. మా బాస్ ఫ్రావ్ హాగెన్ లీవ్‌ల ఉన్నది, సోమవారం వస్తది. వచ్చేలోపల పుస్తకాలు చూసి, చిన్న టెస్టు చేసి, వార్నిష్ ఏ మందుతోని తీయాల్నో రిపోర్టు రాసిపెట్టుమన్నది. రాసిన. ఇంకా నా ప్రోబెట్సైట్‌ల ఉన్నా కదా, జర మంచిగ చేయాలె."

ప్రోబెట్సైట్ అంటే ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు. ఆ గడువులో కారణం చెప్పకుండానే పంపించేయవచ్చు. సనా వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. నేనిచ్చిన పన్నెండింటిలో ఒక్కటి కూడా రంగులు దేనితో కలిపేవారో చెప్పే పుస్తకం కాదు. అన్నీ ఎవరు, ఎప్పుడు, ఏం గీశారు అనేవే.

"టెస్టులో ఏం వచ్చింది?" అన్నాను.

"మూలకి నాలుగు చోట్ల మందుల ముంచిన దూదితోని తుడిచి చూసిన. దూది మీద పసుపు వచ్చింది, అది పాత వార్నిష్. ఒక్క చోట మటుకు కొంచెం గోధుమ రంగు వచ్చింది. ఆ బొమ్మ ఏండ్ల కొద్ది చలిమంట గూటి మీద ఉండెనట. పొగమసి అనుకున్న."

"పుస్తకాల్లో దాని గురించి ఏమీ లేదు కదా?"

"లేదు అక్కా. ఒక్క లైను గూడ లేదు. ఉంటే మీరు ఇచ్చిన లిస్టుల ఉండకపోతుండెనా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె పుస్తకాలని నమ్మలేదు, నన్ను నమ్మింది. తనకి కావలసింది అందులో లేదని మూడో పుస్తకానికే తెలిసిందట. "మీరు అంత కష్టపడి తీసి పెట్టిండ్రు. ఇవి కావు అంటే బాగుంటదా?" అంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మర్యాదకి మర్యాద సరిపోయింది. మధ్యలో నలిగింది ఆ బొమ్మ.

ఇద్దరం కింది అంతస్తుకి వెళ్లాం. అక్కడి అరలు చక్రం తిప్పితే పక్కకి జరుగుతాయి. ఆ వరసలో చివర, బొమ్మ ఒక్కటీ లేని ఒక సన్నటి బూడిదరంగు పుస్తకం ఉంది. ఆ శతాబ్దంలో చిత్రకారులు రాసుకున్న నోట్సులు, రంగులమ్మే దుకాణాల జాబితాలు చూసి ఎవరో ఓపికగా కూర్చిన పుస్తకం. అది ఎంత పనికొస్తుందో నాకు తెలుసు. చూడ్డానికి బాగుండదని లిస్టులో వేయలేదు.

సనా ఆ బొమ్మ గీసిన చిత్రకారుడి పేరు వెతికి పేజీ తీసింది. అతను నీడల కోసం గోధుమ రంగుని జిగురు రెసిన్‌లో కలిపి, పలచటి పొరగా చివర్న పూసేవాడట. వార్నిష్‌లో ఉండేదీ రెసినే కాబట్టి దాన్ని కరిగించే మందు ఆ పొరని కూడా కరిగిస్తుంది. సనా ఆ పేరా రెండుసార్లు చదివింది. తరువాత అరకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"అక్కా, అది పొగమసి కాదు. బొమ్మే."

"ఎంత పోయింది?"

ఆమె తన బొటనవేలి గోరు చూపించింది.

కాసేపటికి, "ఇప్పుడు ఏం చేయాలె? ఎవ్వరికి కనబడదు. అంత చీకటి మూల," అంది. నాతో అంటోందో తనలో తను అనుకుంటోందో తెలియలేదు. నేను సలహా ఇవ్వలేదు. అంతకుముందు ఇచ్చిన సలహా చాలనిపించింది. ఈసారి ప్రశ్న అడిగాను. "నీకు ఏం చేయాలనుంది?"

"చెప్పేస్తా," అంది. లేచి ఆ పేజీలు కాపీ తీసుకుంది. విరిగిన గొడుగు మా దగ్గరే మర్చిపోయి వెళ్లింది.

సోమవారం మధ్యాహ్నం నేను సెలవు పెట్టి ఆ వర్క్‌షాపుకి వెళ్లాను. ఫ్రావ్ హాగెన్ అరవైకి దగ్గరలో ఉన్న మనిషి, మాట పొదుపు. సనా అక్కడ లేదు, మందుల గదిలో ఉందన్నారు. నేను ఎవరో చెప్పుకుని, ఆ లిస్టు నాది, ఆమె తప్పు లేదు, దేనికని అడగకుండా ఇచ్చింది నేను అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆవిడ కొత్త రిపోర్టు నా ముందుకి జరిపారు. గోరంత మరక ఫోటో పెద్దది చేసి మొదటి పేజీలోనే పెట్టి ఉంది. దాని కింద 'ఈ నష్టానికి బాధ్యత నాది' అని రాసి, సనా సంతకం. చూసిన పుస్తకాల పట్టికలో నా పన్నెండూ ఉన్నాయి. పక్కన, 'పుస్తకాల ఎంపిక నాదే, లైబ్రరీకి సంబంధం లేదు' అని ఉంది.



"పొద్దున ఆమె వచ్చి తప్పంతా తనదే అంది," అన్నారు ఫ్రావ్ హాగెన్. "ఇప్పుడు మీరొచ్చి మీదంటున్నారు. సెలవు పెట్టి పోయినదాన్ని నేను, నా సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఆ మరక చూస్తే గోరంత. ఇంతమందికి పంచడానికి చాలదు."

తిలా పాపం తలా పిడికెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ మాట జర్మన్‌లో చెప్పడానికి ప్రయత్నించి మానుకున్నాను.

సనా ఉద్యోగం నిలిచింది. ఆ మరక మీద ఫ్రావ్ హాగెన్ పక్కన కూర్చుని సనా చేతే రంగు వేయించారట. బొమ్మ తిరిగి తన ఇంటి గోడకి వెళ్లిపోయింది. నేను ఇప్పటికీ లిస్టులు రాస్తూనే ఉన్నాను. ప్రతి పుస్తకం పేరు కింద అందులో ఏం దొరకదో కూడా ఒక ముక్క రాస్తాను. మనవాళ్లయితే దేనికని అడగడం ఎదుటి మనిషిని అనుమానించడం అనుకునేదాన్ని. అతని పనిని నా పనంత పట్టించుకోవడం అని తెలుసుకోవడానికి నాకు తొమ్మిదేళ్లు, ఒక గోరంత బొమ్మా ఖర్చయ్యాయి.

మార్చిలో సనా మళ్లీ వచ్చింది. ఈసారి గొడుగు లేదు, టోపీ ఉన్న వానకోటు వేసుకుంది. పాత గొడుగు తీసి ఇస్తే, ఎందుకక్కా అది, పారేయమంది.

"ఇంకొక విక్టోరియన్ బొమ్మ వచ్చింది అక్కా. పుస్తకాలు కావాలె."

"దేనికి?" అన్నాను.

సనా నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది. పావుగంట చెప్పింది, నేను విన్నాను. చివరికి చీటీ మీద ఒకే ఒక్క పుస్తకం పేరు రాసి ఇచ్చాను. అది సరిపోయింది.